రుడాల్ఫ్ డీజిల్ - వేరుసెనగనూనె

డీజిల్ అనగా ఒక నూనె పేరని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. అది మొదట ఒక మనుష్యుని ఇంటిపేరు. నెల్లూరు తీరమున ఆ పేరు పలుకని దినము లేదు. కావలి మొదలు తడ వరకు పోవు పెద్దరోడ్డున రేయింబవళ్లు సాగిపోవు లారీలకును, కృష్ణపట్నము రేవునుండి బొగ్గును వంటనూనెను మోయు బండ్లకును, మైపాడు మొదలగు తీరగ్రామముల పట్టపువారి మరపడవలకును, రొయ్యల చెరువుల గట్లమీది జనరేటర్లకును ఆహారమదియే. అయినను ఆ పేరుగలవాడెవడో, ఎట్లు బ్రదికెనో, ఎట్లు గతించెనో ఎరిగినవారు మిక్కిలి అరుదు.

ఎరుగకపోవుటవలన నష్టమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నష్టము కలదు. లారీల యజమానులు నలుగురు కూడినచోట ఒక మాట తఱచు వినబడుచున్నది. డీజిల్ దొర తన యంత్రమును మొట్టమొదట వేరుసెనగనూనెతోనే నడిపెనట. కావున టాంకిలో ఏ నూనె కలిపినను యంత్రము మ్రింగి జీర్ణించుకొనునట. ఆ రహస్యము బయటపడినచో తమ వ్యాపారము చెడునని పెట్రోలియము కంపెనీలవారు అతనిని సముద్రములో త్రోయించిరట. ఈ మాటను నమ్మి కొందరు కిరసనాయిలును, కొందరు కాలిన ఇంజనాయిలును, కొందరు హోటళ్లలో వేచి మిగిలిన నూనెను డీజిలులో కలుపుచున్నారు. మరికొందరు సీసాలలో అమ్మబడు మందులను పోయుచున్నారు. ఈ కథలో నిజమెంత, కల్పన యెంత యని తెలియుటకు ఆ మహాశయుని జీవితమును ఒకపరి తిరుగవేయుట తప్ప వేరు మార్గము మాకు తోచలేదు.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జనించెను. తలిదండ్రులు జర్మనీలోని బవేరియా సీమవారు. తండ్రి థియోడర్ పుస్తకములకు అట్టలు కట్టియు, తోలు సామానులు చేసియు జీవించుచుండెను. సంపన్న గృహము కాదు. బాలుడు ఫ్రెంచి బడిలో చదివి ఫ్రెంచివాడుగనే పెరిగెను. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల నడుమ యుద్ధము సంభవింపగా పారిస్‌నందలి జర్మనులు వెడలిపోవలసివచ్చెను. రాజులు కయ్యమాడుకొనగా అట్టలు కట్టుకొను కుటుంబము వీధిపాలైనది. వారు లండను చేరిరి. అచట పూట గడచుట కష్టమగుటచే పండ్రెండేండ్ల రుడాల్ఫును ఔగ్స్‌బర్గు పట్టణమున గణితోపాధ్యాయుడైన బంధువునింటికి పంపిరి. ఆ యింటనే అతనికి యంత్రశాస్త్రమునందు అభిరుచి కుదిరెను. పదునాలుగవ యేటనే తాను యంత్రశాస్త్రజ్ఞుడను కాగోరుచున్నానని తలిదండ్రులకు లేఖ వ్రాసినవాడు. పిమ్మట విద్యార్థివేతనముపై మ్యూనిక్ పాలిటెక్నిక్ విద్యాలయమున ప్రవేశించెను.

అచట అతని గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతలయంత్రములను నిర్మించి ప్రసిద్ధికెక్కిన పండితుడాయన. ఆవిరియంత్రములో కాల్చిన బొగ్గునందలి వేడిలో నూటికి పదిపాళ్లకు మించి పనికి రాదనియు, తక్కినదంతయు గాలిపాలగుచున్నదనియు లిండే బోధింపగా శిష్యుడు ఆశ్చర్యపడెను. నూరు పుట్ల ధాన్యము పండించి తొంబది పుట్లు కళ్లములోనే వదలివచ్చు రైతును మనము ఏమందుము? నాటి ప్రపంచమంతయు ఆ వ్యవసాయమునే చేయుచుండెను. ఆ వ్యర్థమును మాన్పుటయే అతని జీవితవ్రతమైనది. టైఫాయిడ్ జ్వరముచే పరీక్షకు పోజాలక, మరుసటి యేడు, 1880 జనవరిలో, ఉన్నతశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

పిమ్మటి పదేండ్లు గురువుగారి మంచు యంత్రముల వ్యాపారమున పారిస్‌లో గడచినవి. 1883లో మార్తా ఫ్లాషే అను నామెను వివాహమాడెను. ముగ్గురు బిడ్డలు కలిగిరి. పగలు ఉద్యోగము, రాత్రి అమ్మోనియా ఆవిరితో నడుచు యంత్రమునకై ప్రయోగములు. అవి ఫలింపలేదు. 1890లో బెర్లిను చేరిన తరువాతనే అతనికి దారి కానవచ్చెను.

ఆ దారి యేదియో చెప్పుట కష్టము కాదు. సైకిలు చక్రమునకు గాలికొట్టునపుడు పంపు వేడెక్కుట అందరును ఎరిగినదే. గాలిని నొక్కినచో అది వేడెక్కును. ఇంకను బలముగ నొక్కినచో, నూనె దానియందు చిమ్మినంతనే తనకు తానుగ అంటుకొనునంత వేడి పుట్టును. నిప్పురవ్వతో పనిలేదు. ఈ యుపాయమునకు 1892 ఫిబ్రవరిలో అతడు పేటెంటు కోరెను. మరుసటి యేడు అది లభించెను. అదే యేట ఒక గ్రంథమును ప్రకటింపగా పెద్ద పండితులు కొందరు మెచ్చిరి. ఔగ్స్‌బర్గు యంత్రశాలవారును క్రుప్పు కంపెనీవారును ధనసాహాయ్యమునకు ముందుకు వచ్చిరి.

1893 ఆగస్టు 10వ తేదీన మొదటి ప్రయోగము జరిగెను. నూనె అంటుకొనినది, అంటుకొనినంతనే ఒత్తిడిని కొలుచు పరికరము ప్రేలి తునుకలు నలువైపుల నెగిరినవి. ప్రాణము దక్కినది. యంత్రము తనంతట నడువకపోయినను, నొక్కిన గాలిలో నూనె మండునన్న సిద్ధాంతము ఋజువైనదని అతడు సంతోషించెను. 1894 ఫిబ్రవరి 17న యంత్రము తన శక్తితో ఒక నిమిషము మాత్రము తిరిగెను. ఆ యొక్క నిమిషమునకు వెనుక పదునాలుగేండ్ల శ్రమ యున్నది. సరిగా మూడేండ్లకు, 1897 ఫిబ్రవరి 17న, మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ ఆ యంత్రమును పరీక్షించి, నూనెలోని వేడిలో నూటికి 26 పాళ్లు పనిగా మారుచున్నదని తేల్చెను. ఆవిరియంత్రము నాడే వృద్ధురాలైపోయినది.

ఇచట ఒక సంగతిని పాఠకులు గమనింపవలెను. తరువాత దీనితో పనియున్నది. ఆ యంత్రమునందు నూనెను చిమ్మినది వట్టి పంపు కాదు. వేరొక కంప్రెసరు గాలిని మిక్కుటముగ నొక్కి సిద్ధముగ నుంచెడిది. ఆ గాలియే నూనెను తుంపరలుగ చీల్చి లోనికి ఊదెడిది. చిక్కనినూనెయైనను ఆ గాలి విసురునకు పొడిపొడియై పోవలసినదే. కాని ఆ కంప్రెసరు బరువైనది, ఖరీదైనది. కర్మాగారమునకును ఓడకును తగును గాని రోడ్డుపై పరుగెత్తు బండికి తగదు.

పేరు వచ్చినది; ధనము వచ్చినది. అమెరికాకు చెందిన అడాల్ఫస్ బుష్ 10 లక్షల మార్కులిచ్చి తన దేశమునకు హక్కులు కొనెను. రష్యాలో నోబెల్ కుటుంబమువారు కొనిరి. మ్యూనిక్‌లో గొప్ప మేడ వెలసెను. దానివెంటనే దావాలు, ఈర్ష్యాళువుల నిందలు, తలనొప్పులు, నిద్రలేమి. 1898లో నెలలతరబడి ఆరోగ్యశాలలో ఉండవలసివచ్చెను. యంత్రమును చేయుట యెరిగినవాడు ధనమును కాచుకొనుట యెరుగడయ్యెను. భూములలోను, నూనెబావులలోను పెట్టిన సొమ్ము తిరిగిరాలేదు. తన యంత్రము చిన్నదై, చవుకయై, చేనేత మొదలగు చేతిపనులవారి గుడిసెలకు శక్తినిచ్చి, పెద్ద మిల్లుల పోటీనుండి వారిని కాపాడవలెనని అతడు మొదటినుండియు కోరుచుండెను. 1903లో శ్రామికుల సహకార జీవనమును గూర్చి ఒక గ్రంథమును వ్రాసెను. దానిని కొనినవారు కొలదిమంది. ఈ యాశయము మన దేశమున రాట్నము చుట్టును అల్లుకొనిన తలంపులకు దూరము కాదని మేము భావించుచున్నాము.

ఇక వేరుసెనగనూనె సంగతి. 1900వ సంవత్సరమున పారిస్‌లో మహాప్రదర్శనము జరిగెను. డీజిల్ యంత్రమునకు అగ్రబహుమానము లభించెను. ఆ ప్రదర్శనమునందే ఆటో కంపెనీవారు ఒక చిన్న డీజిల్ యంత్రమును వేరుసెనగనూనెతో నడిపిరి. దానిని నడిపించినవాడు డీజిల్ కాదు. అతని తలంపును కాదు. ఫ్రెంచి ప్రభుత్వమువారు కోరగా ఆ కంపెనీవారు చేసిరి. యంత్రము మాత్రము ఖనిజనూనెకై కట్టినదే. దానియందు ఏ మార్పును చేయలేదు. సాఫీగ నడచినందున చూచినవారిలో దాని గుట్టును పసిగట్టినవారు కొలదిమంది. తరువాత డీజిల్ తానును ఇట్టి పరీక్షలు చేసెను. సెయింట్ పీటర్స్‌బర్గులో ఆముదముతోను, జంతువుల కొవ్వునూనెలతోను పరీక్షలు జరిగినవి. ఈ విషయములను 1912లో అతడు తన వ్యాసములలోను ఉపన్యాసములలోను వివరించి, వృక్షతైలములు ఆనాటికి అల్పములుగ కనబడినను, కాలక్రమమున పెట్రోలియముతో సమానమగు ప్రాముఖ్యము పొందవచ్చునని సూచించెను.

ఫ్రెంచివారు ఏల కోరిరి? వారి యేలుబడిలోనుండిన ఆఫ్రికా సీమలలో వేరుసెనగ సమృద్ధిగ పండుచుండెను. ఐరోపానుండి బొగ్గును మోయకయే, అచటి పంటతోనే అచట యంత్రములు నడిపి దొరతనము చేసికొనవచ్చునని వారి యూహ. ఆఫ్రికావాని చేను, ఆఫ్రికావాని చెమట, దొరవారి యంత్రము. ఆలోచన గొప్పదే, ప్రయోజనము ఎవరిదో పాఠకులకు మేము వివరింపనక్కరలేదు. చేనుగలవాని చేతికే యంత్రము వచ్చినపుడు ఆ యాలోచనకు వేరొక విలువ గలుగును. మన తీరపు ఇసుకనేలలలో వేరుసెనగ పండించు రైతునకు ఇది పరాయి విషయము కాదు.

అయినచో లారీ టాంకిలో నూనె పోయుటకు అభ్యంతరమేమి? అభ్యంతరము యంత్రము మారిపోవుటయే. డీజిల్ యంత్రముతో లారీలు 1923, 1924 సంవత్సరములలో జర్మనీలో బయలుదేరినవి. బెంజ్ కంపెనీవారును, ఔగ్స్‌బర్గు యంత్రశాల వంశమునకు చెందిన మాన్ కంపెనీవారును వానిని చేసిరి. లారీకి తగునట్లు యంత్రమును తేలిక చేయుటకు మొదట తీసివేసినది ఆ బరువైన గాలి కంప్రెసరునే. దానికి బదులు పంపు ఒత్తిడిచేతనే నూనె సన్నని నాజిలునుండి చిమ్మబడుచున్నది. నేటి లారీలలో ఆ ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి సుమారు రెండువేల రెట్లు; నాజిలు రంధ్రము తలవెండ్రుక కంటె మిక్కిలి పెద్దది కాదు. వేరుసెనగనూనె చిక్కదనము డీజిలునకు సుమారు పదింతలు. ఆ సూదిరంధ్రమునుండి అది పొగమంచువలె రాక బొట్లుబొట్లుగ వచ్చును. బొట్లు పూర్తిగ మండవు. నాజిళ్ల మొనకు బొగ్గు పట్టును, పిస్టను రింగులు అంటుకొనిపోవును, మండని నూనె క్రిందికి దిగి ఇంజనాయిలును జిగురుగ మార్చును. పారిస్‌లో నడచినది గాలి ఊదిన యంత్రము. దాని పేరు చెప్పి దీనికి నూనె పోయుట, తాతగారు రాళ్లు తిని హరాయించుకొనెనని మనుమనికి రాళ్లు పెట్టుటవంటిది.

పైగా వేరుసెనగనూనె డీజిలు కంటె ప్రియము. దానిని పోయు వెర్రివాడు లేడు. పోయుచున్నది మిగులునూనెలను. వానిని గూర్చి వేరువేరుగ చెప్పవలెను. కిరసనాయిలు పలుచనైనది, డీజిలునందలి జిడ్డుగుణము దానియందు చాలదు. పంపు లోపలి భాగములు ఆ జిడ్డుచేతనే అరుగక నిలుచుచున్నవి. మంచు కురియు దేశములలో డీజిలు గడ్డకట్టకుండుటకు కిరసనాయిలు కలుపుట కలదు. నెల్లూరునందు డీజిలు గడ్డకట్టిన శీతకాలమును ఎవరును చూచి యుండరు. మనవారు కలుపునది చవుకకు. చౌకడిపో కిరసనాయిలునకు నీలిరంగు కలిపినదే ఈ కల్తీని పట్టుటకు. కాలిన ఇంజనాయిలునందు లోహపు పొడియు, సున్నము, జింకు మొదలగు పదార్థముల లవణములును ఉండును. అవి మండిన పిమ్మట బూడిదయగును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి ఆరు లారీలకు పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యొకటి యున్నది. మసిని కాల్చివేయవచ్చును గాని బూడిదను కాల్చలేము. జల్లెడ పూడినచో దానిని మార్పించు ఖర్చు, కలిపిన నూనెవలన మిగిలిన సొమ్మును ఎన్ని రెట్లు మింగునో యజమానులే లెక్క చూచుకొనవలెను.

టూ-స్ట్రోక్ ఆయిలు కొంచెము కలిపినచో పంపునకు మేలు అనువారును కలరు. ఈ నమ్మకమునకు మూలము లేకపోలేదు. డీజిలునుండి గంధకమును తీసివేయునపుడు దాని సహజమైన జిడ్డుగుణము తగ్గుట సత్యము. గంధకము 2020లో పదిలక్షలకు 50 పాళ్లనుండి 10 పాళ్లకు తగ్గింపబడినది. కాని తగ్గిన జిడ్డును శుద్ధికర్మాగారమువారే వేరొక మందు కలిపి పూరించి, కొలిచి పంపుచున్నారు. పూరించినదానిని రెండవసారి పూరించుటవలన లాభమేమో మాకు బోధపడలేదు. త్వరగ అంటుకొనుటకై కలుపు నైట్రేటు మందు నిజముగ పనిచేయునదే; అయినను డీజిలునందే ఆ గుణము చాలినంత యున్నపుడు దానిచే మైలేజి పెరుగునని సీసాపై వ్రాసిన వ్రాతను నమ్మనక్కరలేదు. సముద్రపుగాలి వీచు మన తీరమున టాంకిలో చేరు నీటిని అడుగునుండి తీసివేసి, ఫిల్టరును వేళకు మార్చు డ్రైవరు, ఈ మందులన్నిటికంటె ఎక్కువ మేలు చేయుచున్నాడు.

వృక్షతైలమునకు ద్వారము మూసికొనిపోయినదని దీని యర్థము కాదు. 1937లో బ్రస్సెల్సు విశ్వవిద్యాలయమునకు చెందిన షవాన్ అను శాస్త్రజ్ఞుడు నూనెను సారాయితో సంయోగింపజేసి, దానియందలి గ్లిసరినును వేరుచేసి, పలుచని ఇంధనమును చేయు పద్ధతికి పేటెంటు పొందెను. మరుసటి యేడు పామునూనెనుండి అట్లు చేసిన ఇంధనముతో బ్రస్సెల్సు, లూవెన్ పట్టణముల నడుమ బస్సు నడచెను. నేడు బయోడీజిల్ అనబడునది ఇదియే. మన కేంద్ర ప్రభుత్వము 2018 విధానములో, 2030 నాటికి డీజిలునందు నూటికి 5 పాళ్లు దీనిని కలుపవలెనని ఉద్దేశించినది. హోటలునూనెకు తగిన చోటు ఆ కర్మాగారము. లారీ టాంకి కాదు.

నిదానముగ తిరుగు స్థిరయంత్రముల సంగతి వేరు. ఆదిలాబాదు జిల్లాలోని గిరిజన గ్రామములలో, బెంగుళూరు ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస గారి ప్రోత్సాహమున, 2000వ సంవత్సర ప్రాంతమున కానుగనూనెతో జనరేటర్లు నడిపి ఇండ్లలో దీపములు వెలిగించిరి. ఆ జిల్లాలోని పవర్‌గూడ స్త్రీలు సంఘముగ నేర్పడి కానుగగింజలను గానుగాడించిరి. ఆ నూనెవలన తగ్గునని లెక్కకట్టిన 147 టన్నుల బొగ్గుపులుసు గాలికిగాను 2003లో ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించినది. కానుగనూనె తినునది కాదు. చెట్టు బంజరుననే పెరుగును. వంటనూనెలో సగమునకు పైగ పరదేశములనుండి కొనుచున్న దేశము, కృష్ణపట్నము రేవున దింపి శుద్ధిచేసికొనుచున్న దేశము, పళ్లెములోని నూనెను లారీకి పోయుట న్యాయమా యను ప్రశ్న అచట పుట్టదు. చేతిపనివాని గుడిసెకు శక్తినీయగోరిన డీజిల్ ఆశయమునకు పారిస్ ప్రదర్శనము కంటె పవర్‌గూడయే దగ్గరయని మా యభిప్రాయము.

ఇక అతని కడపటి దినములు. 1912లో సెలాండియా అను డేనిష్ ఓడ డీజిల్ యంత్రములతో కోపెన్‌హేగెన్‌నుండి బాంకాకు ప్రయాణమైనది. ఆ యేడే అతడు లండనునందును, అమెరికాలోను ఉపన్యసించి గౌరవములు పొందెను. కీర్తి శిఖరమునందుండగా ఇంట అప్పులు పెరిగినవి; ఆ సంగతి భార్యకును పూర్తిగ తెలియదు. 1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము, ఇంగ్లండులో ఒక డీజిల్ కంపెనీ పనిమీద, ఆంట్‌వర్ప్‌లో డ్రెస్డెన్ అను ఓడ నెక్కెను. స్నేహితులతో భోజనము చేసి, రాత్రి పదిగంటల వేళ తన గదికి పోయెను. ఉదయమున లేపుమని చెప్పియుంచెను. ఉదయము చూడగా పరుపు నలుగలేదు. టోపీయు పైకోటును ఓడ వెనుకభాగమున మడచిపెట్టి యుండెను. దినచర్య పుస్తకములో ఆ తేదీయెదుట ఒక సిలువగుర్తు వ్రాసియుండెను. పయనమునకు ముందు భార్య చేతికిచ్చిన సంచిలో 20,000 మార్కులు దొరకినవి. బ్యాంకులో మిగిలినది దాదాపు శూన్యము.

నూనెకంపెనీలవారు చంపించిరనియు, జర్మను గూఢచారులు చంపిరనియు ఆనాటినుండి వదంతులు. ఏ వదంతికిని నేటివరకు సాక్ష్యము చిక్కలేదు. అప్పులకును, ఆ సిలువగుర్తునకును మాత్రము సాక్ష్యము కలదు. వృక్షతైలమును గూర్చి అతడు దాచినది యేదియు లేదు; తెలిసినదంతయు 1912లోనే అచ్చువేయించినాడు. దాచని రహస్యమునకై ఎవరు చంపుదురు?

అక్టోబరు 10వ తేదీన కోర్ట్‌సెన్ అను డచ్చి పడవవారు ఉత్తరసముద్రమున తేలుచున్న ఒక శవమును చూచిరి. అది మిక్కిలి చెడియుండుటచే, బట్టలలోని మాత్రలడబ్బి, చిన్నకత్తి, కండ్లద్దాల పెట్టె మొదలగువానిని తీసికొని శవమును నీటిలోనే విడిచిరి. మూడు దినములకు కుమారుడు యూజిన్ వచ్చి, ఆ వస్తువులు తన తండ్రివేనని గుర్తించెను.